నావకు నూనె పెట్టిన కాలం

కర్ర నావకు ఏ పూత పెట్టాలన్నది మూడు సంగతులను బట్టి తేలుతుంది: అది ఏ నీళ్లలో తిరుగుతుంది, ఎంత ఎండకు నిలబడుతుంది, ఏడాదిలో ఎన్ని నెలలు ఒడ్డున పడి ఉంటుంది. కాగజ్‌నగర్‌కు ఉత్తరాన వార్ధా, తూర్పున ప్రాణహిత. తుమ్మిడిహట్టి దగ్గర వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతాయి. అక్కడి నుంచి కాళేశ్వరంలో గోదావరిని చేరేదాకా నదికి ఇవతలి ఒడ్డు తెలంగాణ, అవతలి ఒడ్డు మహారాష్ట్ర. వంతెనలు రాకముందు ఈ ఒడ్డు పిల్లను ఆ ఒడ్డుకు ఇచ్చినా, ఆ ఒడ్డు సంతలో ఎడ్లు కొన్నా నావ ఎక్కాల్సిందే. వానకాలం నిండు నీళ్లు, చలికాలం తెల్లవారుజాము మంచు, ఎండకాలం ఇసుక తిన్నె మీద నలభై అయిదు డిగ్రీల ఎండ. ఒకే నావ ఏడాదిలో ఈ మూడింటినీ చూసేది. దాన్ని నిలబెట్టడానికి ఏడాదికొకసారి జరిగే పని ఉండేది. నావలతో పాటే ఆ పనీ పోయింది.

ముందు కర్ర సంగతి. ఆదిలాబాద్ అడవి టేకుకు పేరు; ప్రాణహితకు అవతల అహేరి, ఆల్లపల్లి అడవులకూ అదే పేరు. అక్కడి దుంగలను తెప్పలుగా కట్టి ప్రాణహిత మీదుగా గోదావరిలోకి, అటు నుంచి రాజమండ్రి వైపు వదిలేవారు. టేకు చేవలో సహజంగానే నూనె, మైనం వంటి పదార్థాలు, వాటితో పాటు సిలికా ఉంటాయి. చెదలు పట్టకపోవడానికి ఆ నూనె కారణం. ఉలి పదును ఊరికే పోతుందని వడ్లాయన విసుక్కోవడానికి ఆ సిలికా కారణం. టేకుకు ఇంకో గుణం, ఎండినా తడిసినా పెద్దగా కదలదు. పచ్చి కర్ర పూర్తిగా ఎండితే అడ్డం కొలతలో అయిదారు శాతం లోపే కుంచించుకుంటుంది. చాలా కర్రలు దీనికంటే ఎక్కువ ముడుచుకుంటాయి. కర్ర ఎంత కదిలితే దాని మీది పూత అంత సాగాలి, ముడవాలి. అందుకే టేకు మీద పెట్టిన పూత ఇతర కర్రల మీది కన్నా ఎక్కువ కాలం ఉంటుంది. అయితే చెదలను ఆపే నూనే పూతకూ అడ్డం వస్తుంది. కొత్తగా చిత్రిక పట్టిన టేకు మీద వార్నిష్ తొందరగా ఆరదు, గట్టిగా పట్టదు. టర్పెంటైన్‌లోనో థిన్నర్‌లోనో ముంచిన గుడ్డతో పైపైన ఉన్న నూనెను తుడిచి, ఆ తడి ఆరగానే మొదటి చేయి వేయడం దీనికి మందు.

అన్ని నావలకూ టేకు దొరికేది కాదు. నల్లమద్ది, ఏగిస పలకలూ వాడుకలో ఉన్నవే. కర్ర ఏదైనా చూడాల్సింది చేవ. చేవ దేరని తెల్లభాగం పలకలో వేలెడు మిగిలినా, అది మెత్తబడేది అక్కడి నుంచే. ఏ పూతా దాన్ని కాపాడలేదు. పెద్ద దుంగను తొలిచి చేసిన దోనె సంగతి వేరు. దానికి సందులు లేవు, కారే బాధ లేదు. పగుళ్లు వచ్చేది దుంగ రెండు కొనల దగ్గరే, ఎందుకంటే కర్ర నీళ్లను పక్కల నుంచి పీల్చే దానికి ఎన్నో రెట్లు కొనల నుంచి పీలుస్తుంది, అక్కడి నుంచే ఆవిరిగా వదులుతుంది. దోనె ఒళ్లంతా ఒక చేయి నూనె చాలు. కొనలకు మాత్రం తాగినంత పట్టించాలి, ఆ మీద మందంగా గుగ్గిలం మెత్తాలి.

సముద్రపు నావకు, నది నావకు శత్రువులు వేరు. ఉప్పునీళ్లలో కర్రను తొలిచే ఓడపురుగు ఉంటుంది. దాని నుంచి కాపాడటానికే పాతకాలపు ఓడల అడుగున సున్నం, నూనె కలిపి దంచిన ముద్ద పూసేవారు, తరవాతి కాలంలో రాగిరేకు కొట్టారు. ప్రాణహిత మంచినీళ్లలో ఆ పురుగు బతకదు. ఇక్కడి శత్రువు కుళ్లు. అదొక బూజు. కర్రలో తడి ఇరవై శాతం దాటి నిలిచిపోయి, దానికి గాలి కూడా అందితే అది పెరుగుతుంది. ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండే అడుగు పలకకు గాలి అందదు గనుక అది తొందరగా కుళ్లదు. కుళ్లేది నీటి గీతకు పైన ఉన్న అంచు, అడ్డుకర్రలు పలకను తాకే మూల, మేకు దిగిన చోటు. వాన నీళ్లు నావలో నిలిస్తే నది నీళ్ల కంటే ఎక్కువ చెరుపు. నావ తేలేది కింది నీళ్ల మీదే అయినా, చెడేది పైన పడ్డ నీళ్ల వల్ల. పూత ఎంపికలో మొదటి మాట ఇదే కావాల్సింది. దుకాణాల్లో మాత్రం మెరుపు గురించే మాట్లాడతారు.

రెండో శత్రువు ఎండ. కర్రలో నారపోగులను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని ఎండలోని అతినీలలోహిత కిరణాలు విరగ్గొడతాయి. విరిగినదాన్ని వాన కడిగేస్తుంది. పైన మిగిలేది బూడిద రంగు పీచు. పాత టేకు తలుపుకు, ఎడ్లబండి పట్టెకు వచ్చే రంగు అదే. పూత లేని కర్ర ఇలా బూడిదబారినా లోపల గట్టిగానే ఉంటుంది, ఎన్నో ఏళ్లకు గానీ సన్నబడదు. అసలు చిక్కు అద్దంలాంటి పూత పెట్టినప్పుడే. కిరణాలు పూతను దాటి కర్రను తాకుతాయి. పూత బాగానే ఉంటుంది, దాని కింద కర్ర పైపొర పొడి అవుతుంది. పట్టు తప్పిన పూత పొక్కు లేచి రేకులుగా ఊడుతుంది. ఊడిన చోట నీళ్లు దూరి, ఊడని చోటి కిందికి పాకుతాయి. సగం ఊడిన వార్నిష్ ఉన్న పలక, అసలేమీ పూయని పలక కంటే ముందు కుళ్లడానికి కారణం ఇదే.

ఇక చుట్టుపక్కల దొరికిన సరుకుల్లో ఏవి పనికొచ్చేవి? అడవిలో జిగురుకు కొదువ లేదు. తపసి చెట్టుకు గాటు పెట్టి తీసే బంక గిరిజనులు సంతకు తెచ్చేది. అది నీళ్లలో ఉబ్బి జావ అవుతుంది గనుక నావకు పనికిరాదు. మోదుగు కొమ్మల మీది లక్కను స్పిరిట్‌లో కరిగిస్తే కుర్చీకి, పెట్టెకు మంచి మెరుపు ఇస్తుంది. నీళ్లు తగిలితే తెల్లగా పాలిపోతుంది. నిర్మల్ బొమ్మ ఇంట్లో అద్దాల బీరువాలో ఉండేది గనుక దాని పూత సంగతి వేరు, రేవులో నిలిచే పలక సంగతి వేరు. ఆముదం ప్రతి ఊళ్లో ఉండేది, బండి ఇరుసుకు దాన్ని మించింది లేదు. కానీ ఆముదం గాలికి ఆరే నూనె కాదు. పూస్తే కర్ర తాగినంత తాగుతుంది, మిగిలింది జిడ్డుగా ఉండి దుమ్ము పట్టుకుంటుంది. వేరుశనగ నూనెదీ అదే గుణం. ఆరే నూనె అవిసె నూనె. వార్ధా అటూ ఇటూ నల్లరేగళ్లలో యాసంగికి అవిసె వేసేవారు. కుసుమ నూనె కూడా ఆరేదే, కొంచెం మెల్లగా.

ఇక్కడ ఆరడం అంటే తడి ఆవిరైపోవడం కాదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, దాని కణాలు ఒకదానికొకటి అల్లుకుని పలచని తోలులా గట్టిపడుతుంది. ఆరాక అది బరువు తగ్గదు, పెరుగుతుంది. పచ్చి నూనె అయితే ఒక చేయి ఆరడానికి రోజులు పడుతుంది. మురుదారుశింగి వేసి కాచిన నూనె ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది. మురుదారుశింగి సీసం భస్మం. ఆ పొగ, ఆ చేతులతో తిన్న కూడు ఒంటికి చేటు. ఇప్పుడు డబ్బాల్లో వచ్చే కాచిన నూనెలో ఎక్కువగా వేరే లోహాల లవణాలు వాడుతున్నారు. ఆక్సిజన్ పీల్చేటప్పుడు నూనె వేడెక్కుతుంది. నూనె తుడిచిన గుడ్డపీలికలను ఉండ చేసి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోక, నిప్పు తగలకుండానే అంటుకుంటుంది. పీలికలను విడివిడిగా ఇసుక మీద ఆరబెట్టడమో నీళ్లలో ముంచడమో తప్పనిసరి. పడవ కట్టే పనిలో ఈ నిర్లక్ష్యం వల్ల కొట్టాలే తగలబడొచ్చు.

నూనె ఒక్కటే సందును మూయలేదు. దానికి గుగ్గిలం కావాలి. గుగ్గిలం చెట్టు ఆదిలాబాద్ అడవిలో పెరగదు, సరుకు దుకాణం నుంచే రావాలి. దేవుడికి ధూపం వేసే గుగ్గిలమూ, నావకు పట్టించే గుగ్గిలమూ ఒకే కొట్లో తూచేవి. గుగ్గిలాన్ని దంచి, మందపాటి ఇనప గిన్నెలో నూనె వేడి చేసి, పొడిని కొంచెం కొంచెం వేస్తూ కలుపుతారు. పొయ్యి నావకు దూరంగా, గాలికి అడ్డు ఉన్న చోట, ఇసుకలో గుంట తీసి పెట్టాలి. నూనె పొంగి మంట అంటుకుంటే నీళ్లు పోయకూడదు, తడి గోనె కప్పాలి. పాకం వచ్చిందో లేదో చూసే పద్ధతి సులువు. కర్ర పుల్లతో ఒక చుక్క తీసి చన్నీళ్లలో వేస్తారు. చల్లారిన చుక్కను వేళ్ల మధ్య నలిపి వంచుతారు. పుటుక్కున విరిగితే గుగ్గిలం ఎక్కువైంది, ఎండకు సందులో పగుళ్లిస్తుంది. ఇంకొంచెం నూనె పోయాలి. వేలికి అంటి సాగుతూ ఉంటే నూనె ఎక్కువైంది, ఎండకు కరిగి కారుతుంది, ఇంకా కాగాలి. వంగి, విరగకుండా, వేలికి అంటకుండా ఉంటే దించొచ్చు. కొలతల పుస్తకాలు ఏం చెప్పినా, నూనె రకాన్ని బట్టి, గుగ్గిలం పాతదా కొత్తదా అన్నదాన్ని బట్టి పాళ్లు మారతాయి. చుక్క పరీక్ష మాత్రం మారదు. వార్నిష్ ఫ్యాక్టరీలు పెద్ద కొప్పెరల్లో రెజిన్, నూనె కాచిన రోజుల్లో అక్కడి మేస్త్రీ కూడా పాకాన్ని ఇలా వేళ్ల మధ్యే చూసేవాడు.

ఈ పాకం వేడి మీద ఉండగానే సందు పని జరగాలి. పాత పీచును కొక్కెంలాంటి ఇనుముతో గీకి తీసి, సందును ఆరబెట్టి, పత్తి పోగునో జనపనారనో నూనెలో తడిపి, మొద్దు ఉలి, సుత్తితో లోపలికి కొడతారు. మరీ గట్టిగా కొడితే వానకాలం పలకలు ఉబ్బి మేకులను లాగేస్తాయి, వదులుగా కొడితే కారుతుంది. పీచు మీద పాకం పోసి చదును చేస్తారు. సున్నం కలిపితే పాకం ముద్దగా నిలుస్తుంది, పక్క సందులకు అది మేలు. ఆ తరవాతే ఒళ్లంతా నూనె. ఎండకు వెచ్చబడ్డ పలక మీద వెచ్చని నూనె గుడ్డతో రుద్దడం, కర్ర తాగడం ఆపేదాకా మళ్లీ మళ్లీ పట్టించడం, మిగులును తుడిచేయడం. తుడవడం మరిచిన చోట నూనె ముడతలు పడి జిగటగా మిగులుతుంది, దాన్ని గీకడం కంటే కొత్త పలక వేయడం నయమనిపిస్తుంది.

అడుగుకు డాంబర్. బొగ్గు నుంచి తీసిన తారు వేడి చేసి అడుగు పలకలకు, నీటి గీతకు జానెడు పైదాకా పూస్తే నీళ్లు చొరవు, బూజు చేరదు. రైలు పట్టాల కింది కర్ర స్లీపర్లు నిలిచిందీ బొగ్గు తారు నుంచి తీసిన నూనెతోనే. రోడ్డు వేసే డాంబర్ చూడటానికి అలాంటిదే గానీ పెట్రోలియం సరుకు. ఎండకు మెత్తబడి కాళ్లకు, బట్టలకు అంటుతుంది, బూజును చంపే గుణం అంతగా లేదు. రోడ్డు పని దగ్గర డ్రమ్ముల్లో అడుగున మిగిలింది ఉత్తపుణ్యానికి దొరికేది గనుక తరవాతి కాలంలో నావలకు అదే ఎక్కింది. డాంబర్‌ను పై అంచులకూ పూస్తే చేటు. నల్లటి పలక ఎండలో విపరీతంగా వేడెక్కి, సందులు విచ్చుకుంటాయి. కింద నలుపు, పైన నూనె అన్న విభజన ఆ అనుభవం నుంచి వచ్చిందే.

పని నెల మాఘం చివర, ఫాల్గుణం మొదలు. శివరాత్రికి కాళేశ్వరం పోయే జనం దాటడం అయ్యాక నావకు తీరిక. మంచు తగ్గి ఉంటుంది, ఎండ ఇంకా మండదు, నదిలో నీళ్లు తగ్గి ఇసుక మేట పైకి తేలి ఉంటుంది. నావను ఇసుక మీదికి లాగి, బోర్లించి, కింద దుంగలు పెట్టి వారం రెండు వారాలు ఆరనిచ్చేవారు. అంతకు మించి ఎండబెడితే పలకలు ముడుచుకుపోతాయి. పొద్దున మంచు తడి ఆరాక పూత మొదలుపెట్టి, మధ్యాహ్నం దాటకముందే ఆపాలి. సాయంత్రం వేసిన చేయి మీద రాత్రి తడి పడి మెరుపు మసకబారుతుంది. వైశాఖ మాసంలో పని లేని నావను ఎండలో వదిలేవారు కాదు. మడుగులో సగం ముంచి, లోపల నీళ్లు నింపి ఉంచేవారు. కర్ర ఉబ్బి సందులు వాటంతట అవే బిగుసుకుంటాయి. నావను ముంచి కాపాడటం ఏమిటని కొత్తవాళ్లకు వింతగా ఉండొచ్చు. ఏ పూతా చేయని పనిని ఆ నీళ్లు చేసేవి.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ నది మీద ఆవిరి పడవలు తిప్పాలన్న ఆలోచన సాగింది. ఆర్థర్ కాటన్ ఊహ ప్రకారం వార్ధా, ప్రాణహిత, గోదావరి మీదుగా బేరార్ పత్తి సముద్రానికి చేరాలి. దుమ్ముగూడెం దగ్గర మొదలై అహేరి దిక్కున దేవల్‌మరి దాకా బండరాళ్ల అడ్డంకులను దాటించే పనులు నడిచి, 1871లో ఆగిపోయాయి. ఆ పడవలే వచ్చి ఉంటే వాటితో పాటు ఓడల వార్నిష్ కూడా అప్పుడే వచ్చేది. అది రైలు దాకా ఆగింది.

కాజీపేట, బల్లార్షా రైలు మార్గం మీద కొత్తపేట అనే ఊరి దగ్గర 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు వెలిసింది, 1942లో కాగితం తీసింది, ఊరు కాగజ్‌నగర్ అయింది. బొంబాయిలో ఏషియన్ పెయింట్స్ మొదలైందీ 1942లోనే. మిల్లు క్వార్టర్లు, ఆఫీసులు, బల్లలు, కుర్చీలు పెరిగేకొద్దీ బజారులో కోపాల్ వార్నిష్, ఫ్రెంచ్ పాలిష్, ఎనామిల్ డబ్బాలు పెరిగాయి. రోజిన్ అనే రెజిన్ కూడా ఈ ఊరికి కొత్త కాదు. ఆ కాలపు కాగితం మిల్లులు సిరా పీల్చకుండా కాగితానికి పట్టించేది రోజిన్, పటికలే. చవక వార్నిష్‌లో ఉండేదీ రోజినే. తలుపుకు బాగుంది కదా అని నావ అంచుకు అదే డబ్బా పూస్తే, కొత్తలో చూడముచ్చటగా ఉండి మరుసటి ఎండకాలానికి రేకులు లేస్తుంది. తప్పు వార్నిష్‌ది కాదు, ఎంపికది. సామాను వార్నిష్‌లో నూనె తక్కువ, రెజిన్ ఎక్కువ. గట్టిగా ఉంటుంది, గీతలు పడదు, కానీ సాగదు.

ఓడల వార్నిష్‌లో పాళ్లు తిరగబడతాయి. రెజిన్‌కు మించి నూనె, అదీ అవిసెతో పాటు చైనా నుంచి వచ్చే టంగ్ నూనె, ఫెనాలిక్ రెజిన్, ఈ మధ్య వాటిలో అతినీలలోహిత కిరణాలను పీల్చే మందు. ఆరిన పూత కొంచెం మెత్తగా ఉంటుంది, గోటితో నొక్కితే గుర్తు పడుతుంది. అది లోపంలా కనిపించే గుణం. రెండు డబ్బాలు కలిపి వాడే పాలియురేథేన్ రాయిలా గట్టిది, కదలని బల్లకు బాగుంటుంది. పలకలుగా అతికిన నావ మీద సందు సందుకూ చీలుతుంది. మొదటి చేయి సగానికి సగం టర్పెంటైన్ కలిపి పలచగా, కర్ర లోపలికి దిగేలా. రెండోది కొంచెం చిక్కగా. ఆపై చిక్కనివి నాలుగో అయిదో. ప్రతి రెండు చేతుల మధ్యా సన్న రేగుమాల్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, దుమ్ము తుడవాలి. మందంగా ఒక్కసారి పూస్తే పైన తోలు కట్టి కింద పచ్చిగా ఉండిపోతుంది. డబ్బాను కలపాలి గానీ గిలకొట్టకూడదు, బుడగలు అలాగే ఆరిపోతాయి. పలక అంచు పదునుగా ఉంటే అక్కడ పూత నిలవదు. ముందే గుండ్రం చేయాలి.

నిలబెట్టుకోవడం అసలు పని. ఏడాదికి ఒకసారి, ఈ ఎండలో అయితే రెండుసార్లు, మెరుపు మసకబారగానే, పగుళ్లు రాకముందే తేలికగా రుద్ది రెండు చేతులు వేయాలి. పసుపు మచ్చ కనిపిస్తే నీళ్లు దూరినట్టు. ఆ చోట కర్ర కనిపించేదాకా గీకి, ఆరనిచ్చి, పలచని చేయి నుంచి మళ్లీ మొదలు. ఇదంతా చేయగలిగినవాళ్లు యాచ్‌ల యజమానులు. రేవు వేలం పాడి, దాటినవాళ్లిచ్చే చిల్లర, కళ్లంలో కొలిచే గింజల మీద బతికే నావవాడికి ఆ డబ్బా ధర, ఆ తీరిక రెండూ అందవు. నూనె పూతకు గీకే పని లేదు, పొక్కు లేదు, పాతదాని మీద కొత్తది పడుతుంది. అందం లెక్కలో వార్నిష్ గెలుస్తుంది, రేవు లెక్కలో నూనె, గుగ్గిలం గెలిచాయి.

నావలు తగ్గడానికి పూతలు కారణం కావు. 1980 అటవీ సంరక్షణ చట్టంతో అడవి మీద పట్టు బిగిసింది, టేకు దుంగకు పర్మిట్లు, ధరలు పెరిగాయి. నావ కట్టే వడ్లవాళ్ల పిల్లలు తలుపుల పనికి, ఫర్నిచర్ పనికి మళ్లారు. గూడెం, అహేరి మధ్య ప్రాణహిత మీద, కాళేశ్వరం, సిరొంచ మధ్య గోదావరి మీద వంతెనలు వచ్చాయి. గంటలు పట్టే దాటింపు నిమిషాల్లోకి వచ్చింది. జ్వరం వచ్చిన పిల్లను రాత్రిపూట నావలో దాటించిన ఊళ్లకు ఇది చిన్న సంగతి కాదు.  

నీళ్ల మీద పని పూర్తిగా ఆగలేదు. చేపల వేటకు, వంతెన లేని చోట దాటడానికి పడవలు ఉన్నాయి, ఎక్కువగా ఫైబర్‌వి, కొన్ని ఇనప రేకువి. ఫైబర్ పగిలితే గాజుపీచు గుడ్డ, రెజిన్, గట్టిపరిచే మందు కలిపి అతికిస్తారు, గంటలో ఆరుతుంది. ఇనుముకు తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ ఒక చేయి, పైన ఎనామిల్ రెండు చేతులు. అక్కడక్కడా మిగిలిన కర్ర నావకు కారే చోట రేకు ముక్క పెట్టి మేకులు కొట్టి డాంబర్ పూస్తున్నారు. రేకు కింద చేరిన తడికి గాలి ఆడదు, ఎండ తగలదు. ఒకటి రెండు వానకాలాలకు ఆ పలక మెత్తబడుతుంది, దాని పక్కన ఇంకో రేకు పడుతుంది.